నలభై దెబ్బల లెక్క

డిసెంబరు వచ్చిందంటే మా సంఘం నుంచి రాజమండ్రి సెంట్రల్ జైలుకు వెళ్లడం మామూలే. పండ్లు, రొట్టెలు, కొత్త నిబంధన పుస్తకాలు తీసుకెళ్తాం. రెండు పాటలు పాడి, వాక్యం చెప్పి వస్తాం. మరునాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఒక ఏడాది అలా వెళ్లినప్పుడు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన ఒక ఖైదీ, ప్రార్థన సంగతి పక్కన పెట్టి ఒక ప్రశ్న వేశాడు. "అయ్యగారూ, ఒకే రకం నేరానికి వాడికి మూడేళ్లు, నాకు ఏడేళ్లు వేశారు. దీనికి కొలత ఏమైనా ఉంటుందా?" మేము దేవుని న్యాయాన్ని గురించి ఏదో చెప్పి బయటపడ్డాం. సెమినరీ చదువు ఆ పూట అక్కరకు రాలేదు.

శిక్ష ఎందుకు వేస్తారన్నదానికి న్యాయశాస్త్రం సాధారణంగా నాలుగు కారణాలు చెబుతుంది. చేసిన తప్పుకు తగిన ఫలం అనుభవించాలని, చూసినవాళ్లు భయపడాలని, ప్రమాదకరమైనవాణ్ణి జనానికి దూరంగా ఉంచాలని, తప్పు చేసినవాడు మారాలని. అమెరికాలో ఫెడరల్ జడ్జి శిక్ష వేసేముందు ఈ నాలుగింటినీ చూడాలని 1984 నాటి చట్టం చెబుతోంది. వాటికి చాలినంత శిక్షే వేయాలి, అవసరానికి మించకూడదని కూడా అందులో ఉంది. ఏ నేరానికి ఎన్ని నెలలో పట్టిక తయారుచేసి 1987 నుంచి అమలు చేశారు. జడ్జిలు ఆ పట్టికకు కట్టుబడి తీరాలన్న నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు 2005లో తీసేసింది, ఇప్పుడది సలహాగానే ఉంది. మనిషిని బాగుచేయాలన్న పేరుతో జైలు కాలం పెంచకూడదని అదే కోర్టు 2011లో చెప్పింది. జైలు మనిషిని మారుస్తుందన్న నమ్మకం మొదట్లో క్రైస్తవులదే సుమా! క్వేకర్ల ప్రభావంతో 1829లో ఫిలడెల్ఫియాలో ఒక జైలు తెరిచి, పశ్చాత్తాపపడతాడని ఒక్కో ఖైదీని ఒక్కో గదిలో బైబిలుతో ఒంటరిగా ఉంచారు. 1842లో దాన్ని చూసిన ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ ఆ ఒంటరితనం దేహాన్ని హింసించడం కంటే ఘోరమని రాశాడు. మంచి ఉద్దేశంతో వేసిన శిక్షకు కూడా హద్దు కావాలన్నమాట.

అవసరానికి మించకూడదన్న ఆ సంగతి మోషే ధర్మశాస్త్రంలో ఏనాడో ఉంది. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం మొదటి మూడు వచనాలు చూడండి. దోషిని న్యాయాధిపతి తన కళ్లెదుటే, నేరానికి తగినట్టు లెక్కపెట్టి కొట్టించాలి. ఆ లెక్క నలభై దాటకూడదు. దాటితే నీ సహోదరుడు నీ కంటికి నీచుడైపోతాడని అక్కడే కారణం ఉంది. రెండో వచనంలో దోషిగా ఉన్నవాడు మూడో వచనానికి వచ్చేసరికి సహోదరుడయ్యాడు! లెక్క ఎక్కడ తప్పుతుందోనని యూదులు ముప్పై తొమ్మిదికే ఆపేసేవారు. పౌలు అయిదుసార్లు ఆ దెబ్బలు తిన్నాడు (2 కొరింథీ 11:24). కంటికి కన్ను అన్నదీ ఇలాంటి హద్దే, ఒక కంటికి రెండు కళ్లు పీకకూడదని. మన సినిమా హీరోలు దాన్ని తలకిందులు చేశారు, అది వేరే విషయం.

అయితే ఆ వచనాల్లో ఇంకో సగం ఉంది. దెబ్బలు దాటకూడదు, కానీ పడాలి. న్యాయాధిపతి కళ్లెదుట, ఆలస్యం లేకుండా పడాలి. ఈ రెండో సగం మన దగ్గర ఎలా ఉందో చూద్దాం.

మన దేశంలో అమెరికాలో ఉన్నట్టు పట్టిక లేదు. నేరం రుజువయ్యాక శిక్ష విషయంలో ముద్దాయి చెప్పేది విడిగా వినాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. శిక్షలకు మార్గదర్శకాలు కావాలని 2003లో మళిమత్ కమిటీ చెప్పినా అవి రాలేదు. కొత్త చట్టం కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది, సంతోషమే. మిగతాది చాలావరకు జడ్జిగారి విచక్షణ.

1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలిప్పిస్తామని యువకులను మోసం చేసి డబ్బు తీసుకున్న కేసు అది. జస్టిస్ కృష్ణయ్యర్ శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించి, ఖైదీకి తగిన పని, కూలి, పెరోలు ఇవ్వాలని, మనిషిని మనిషిగా తిరిగి పంపించాలని తీర్పు రాశారు. గియాసుద్దీన్ కేసు అంటే లాయర్లందరికీ తెలుసు.

అదే పద్దెనిమిది నెలలు మన డెల్టాలో ఇంకోసారి వినబడ్డాయి. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో దళితులను కొట్టి శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 2024 ఏప్రిల్ 16న, అప్పటి ఒక శాసనమండలి సభ్యుడితో సహా ముద్దాయిలకు పద్దెనిమిది నెలల జైలు శిక్ష వేసింది. అప్పీలు చేసుకునే హక్కు వారికుంది. ఆ హక్కును మేము తప్పుపట్టం. కానీ జరిగిన అవమానానికీ తీర్పుకూ మధ్య ఇరవై ఏడేళ్లు దాటాయి. ఆనాటి యువకులు నడివయసు దాటారు. దుష్‌క్రియకు తగిన శిక్ష త్వరగా పడకపోతే మనుషులు భయం విడిచి కీడు చేస్తారని ప్రసంగి 8:11 చెప్పింది ఇలాంటి ఆలస్యాన్ని గురించే. తీర్పు వచ్చిన ఆదివారం మా సంఘంలో చాలామంది "ఇంతేనా?" అన్నారు. నిజం చెప్పాలంటే మేమూ అన్నాం.

మరి మరో కేసులో మనం ఏమన్నాం? 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది సజీవ దహనమయ్యారు. దోపిడీకని ఎక్కిన ఇద్దరు దళిత యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారని రుజువై 1995లో ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1997 మార్చిలో రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరికి తేదీ కూడా నిర్ణయించాక సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పౌర హక్కుల సంఘాలు పట్టుబట్టి పోరాడాయి. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను జీవిత ఖైదుగా మార్చారు. వారి పేర్లు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి, మళ్లీ ఇక్కడ రాయబోము.

ఆ రోజుల్లో మేము పరిచర్యకు కొత్త. ఒక సాయంకాలం ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన లేచి, మన బిడ్డలిద్దరి ప్రాణం కోసం ప్రార్థన చేయండన్నాడు. అందరం మోకరించాం. కూడిక ముగిశాక స్త్రీల సమాజం నుంచి ఒకావిడ మా దగ్గరికొచ్చి, "బస్సులో కాలిపోయినవాళ్ల పిల్లల కోసం ఎవరూ చేయలేదేమండీ?" అంది. ఉరి వద్దని ప్రార్థించినందుకు మాకు ఈనాటికీ విచారం లేదు. ఆవిడ అడిగేదాకా ఆ పిల్లలు గుర్తు రానందుకు ఉంది.

ఇక్కడే మన తూకం తేడా బయటపడుతుంది. దోషి మనవాడైతే సిలువ మీది దొంగ గుర్తొస్తాడు. బాధితుడు మనవాడైతే కంటికి కన్ను గుర్తొస్తుంది. పైకులాల వారూ ఇదే చేస్తారు కదా అని సర్దుకోవచ్చు. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు, మన చేతిలో బైబిలుంది.

జీవిత ఖైదంటే పద్నాలుగేళ్లనే మాట మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. జీవిత ఖైదంటే జీవితాంతమే. హత్యలాంటి నేరాల్లో పద్నాలుగేళ్లు నిండనిదే ప్రభుత్వం విడుదలను ఆలోచించకూడదని 1978 నుంచి చట్టంలో ఉంది, అంతే. కొన్నేళ్ల కిందట అలా విడుదలైన ఒకతను మా సంఘానికి తిరిగొచ్చాడు. చేలగట్టు తగాదాలో ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకును చంపి జైలుకెళ్లినవాడు. లోపల ఉండగానే మారుమనస్సు పొందాడు. చక్కగా సాక్ష్యం చెప్పాడు. మేము పొంగిపోయి ఆ నెలలోనే ప్రభు బల్లకు పిలిచాం. ఆ తల్లి కూడా మా సంఘమే. ఆ ఆదివారం ఆమె మధ్యలో లేచి వెళ్లిపోయింది. మరునాడు మేము ఇంటికి వెళ్లి, డెబ్బై ఏళ్ల మారులు క్షమించాలన్న వాక్యం ఎత్తాం.

"వాడు నన్ను ఒక్కసారైనా అడిగాడా అయ్యగారూ? కోర్టువాళ్లు నన్నడగలేదు. జైలువాళ్లు వదిలేటప్పుడు నాకు చెప్పలేదు. మీరూ నన్నడక్కుండానే వాణ్ణి బల్లకు పిలిచేశారు" అంది.

మా దగ్గర జవాబు లేదు. జక్కయ్య రక్షణ పొందిన రోజునే, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వారికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ నాలుగంతల సంగతి మేము ఎన్నో ప్రసంగాల్లో చెప్పాం. ఇతణ్ణి మాత్రం అడగలేదు. ప్రాణానికి నాలుగంతలు ఎవరివ్వగలరనుకున్నామేమో. కనీసం ఆమె గుమ్మం ముందు నిలబడమనైనా చెప్పాల్సింది. బాధితులకు నష్టపరిహారం ఇప్పించే పథకం 2009 చివరి నుంచి చట్టంలో ఉందని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా మాకు అప్పట్లో తెలియదు. ఖైదీలకు పండ్లు పంచే సంఘాల్లో ఎన్నిటికి ఇప్పటికైనా తెలుసో!

అతను ఇప్పుడు రైసుమిల్లులో పనిచేస్తూ నెలనెలా కొంత డబ్బు మా చేతికిచ్చి ఆమెకు అందజేయమంటున్నాడు. రెండుసార్లు తీసుకెళ్లాం. ఆమె తీసుకోలేదు, వద్దనీ అనలేదు. "మీ దగ్గర ఉంచండి, వాణ్ణే తెచ్చి ఇవ్వమనండి" అంది. అతనికి ధైర్యం చాలడం లేదు.

ఈ డిసెంబరులో జైలుకు వెళ్లేముందు అతణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్దామని సంఘపెద్దలతో మాట్లాడాం. ఆమె రమ్మంటేనే. ఫొటోగ్రాఫరును తీసుకెళ్లం.