గ్రీజు గన్ ట్రిగ్గర్ మీద ఎవరి వేలు?

మొన్నటి వానాకాలం కోతల్లో ఒకనాడు పొద్దుగాల మా పొలం గట్టు దగ్గర హార్వెస్టర్ ఆగి ఉంది. హెల్పర్ కుర్రాడు గ్రీజు కొడుతున్నాడు. చేతిలో కొత్త బ్యాటరీ గన్, దానికి పాత పైపు. పైపు మధ్యలో సన్నటి చీలిక పడి గ్రీజు చిమ్ముతోంది. వృథా పోవద్దని ఎడమచేతి బొటనవేలు ఆ చీలిక మీద అదిమి పెట్టి ట్రిగ్గర్ నొక్కుతున్నాడు. ఆపమని అరిచాను. "ఏం గాదు కాకా, గ్రీజే గదా" అన్నాడు. ఆ రోజు నిజంగానే ఏమీ కాలేదు.

బైకు టైరులో గాలి 30 పౌండ్ల దగ్గర ఉంటుంది. ఈ బ్యాటరీ గన్లలో చాలావాటి ఒత్తిడి 8,000 నుంచి 10,000 పౌండ్ల దాకా పోతుంది. మనిషి చర్మం చీలడానికి 100 పౌండ్లు చాలు. చేత్తో కొట్టే పాత గన్ కూడా తక్కువదేం కాదు. కానీ నిపుల్ పూడుకుపోతే పిడి బిగుసుకునేది, ఆ సంగతి మన చేతికి తెలిసేది. ట్రిగ్గర్ నొక్కే వేలికి అది తెలియదు, మోటారు తోస్తూనే ఉంటుంది. పైపు పగిలేది అప్పుడే.

గ్రీజు వేలిలోకి దూరితే పైకి కనిపించేది సూదిమొనంత రంధ్రం. రక్తం రాకపోవచ్చు, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అందుకే మోసపోతాం. లోపల గ్రీజు అరచేతి దాకా పాకుతుంది, వాపు రక్తప్రసరణను నొక్కేస్తుంది, కండ చచ్చిపోతుంది. గ్రీజు, పెయింటు, నూనెలు ఇలా ఒత్తిడితో చేతిలోకి దూరిన నాలుగు వందలకు పైగా కేసులను డాక్టర్లు 2006లో సమీక్షించారు. సుమారు 30 శాతం మందికి వేలో, అంతకంటే ఎక్కువో తీసేయాల్సి వచ్చింది. మొదటి ఆరు గంటల్లో కోసి శుభ్రం చేసినవాళ్లలో నష్టం తక్కువ. కాబట్టి ధనుర్వాతం సూది వేయించుకుని ఇంటికి పోవడం వైద్యం కాదు. పిండొద్దు, రుద్దొద్దు, ఉంగరం ఉంటే తీసేయండి, ఏమీ తినకుండా గ్రీజు డబ్బా పట్టుకుని పెద్దాసుపత్రికి పోండి. "ముల్లు గుచ్చుకుంది" అనకండి, "గ్రీజు ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని చెప్పండి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. పొద్దుగూకేదాకా చూద్దామంటే ఆరు గంటలు దారిలోనే అయిపోతాయి.

గ్రీజు నింపేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. ముందు బ్యాటరీ ఊడదీయాలి. వెనక రాడ్‌ను పూర్తిగా లాగి గాడిలో లాక్ చేశాకే తల విప్పాలి. లాక్ సరిగా పడకపోతే స్ప్రింగు ఒక్కసారిగా తన్నుతుంది. నింపి బిగించాక లోపల గాలి ఉంటుంది కాబట్టి గ్రీజు వెంటనే రాదు. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే: మూతి ముందు వేలు పెట్టి, కన్ను పెట్టి చూస్తారు. గాలి తీసే బటన్ నొక్కి, మూతిని ఖాళీ డబ్బాలోకి తిప్పి ట్రిగ్గర్ నొక్కితే సరిపోతుంది. మూత లేని గ్రీజు డబ్బా ఊక దుమ్ములో ఉంచితే ఆ దుమ్మే నిపుల్‌లో అడ్డం పడుతుంది. ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాకే మిషన్ కిందికి పోవాలని వేరే చెప్పాలా? చెప్పాల్సే వస్తోంది.

ఇదంతా ఆ పిల్లగానికి ఎవరు చెప్పారు? గన్‌తో వచ్చిన కాగితం ఇంగ్లిష్‌లో ఉంది, డబ్బాతో పాటే పోయింది. కొత్త పైపు ధర ఒక పూట డీజిల్ ఖర్చు కూడా కాదు. అయినా చీలినదానికి గుడ్డ చుట్టి నడిపిస్తున్నాం. నడిపిస్తున్నది ఎవరో కాదు, ట్రాక్టర్లు, మిషన్లు ఉన్న మన సంఘ సభ్యులూ అందులో ఉన్నారు. వేలు పోయాక "వాని అజాగ్రత్త" అనడం మనకు తగదు. చీలిన పైపును కోసి పారేయండి, లేకపోతే ఇంకెవరో తెచ్చి బిగిస్తారు.

ఇక వేలు పోతే ఆదుకునేది ఎవరు? 2018లో మొదలైన రైతు బీమా పట్టా ఉన్న రైతు చనిపోతే 5 లక్షలు ఇస్తుంది. బతికి చేయి పోగొట్టుకున్నవాడు అందులో లేడు, భూమి లేని హెల్పర్ అసలే లేడు. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఒక చేయి పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష వస్తుంది, ఒక్క వేలు పోతే లెక్కలోకి రాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం ఇంతకంటే నయంగా ఉండేది. ట్రాక్టర్లు, ఇంజన్ యంత్రాలతో సాగు పని చేసే కూలీని అది కార్మికుడిగా గుర్తించింది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్కగట్టి, పరిహారం యజమాని ఇవ్వాలంది.

రైతు బీమాలో అంగవైకల్యాన్ని చేర్చాలని, కౌలురైతుకూ మిషన్ కూలీకీ వర్తింపజేయాలని సంఘం అడగాలి. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే వ్యవసాయ శాఖ తెలుగులో ఒక పేజీ జాగ్రత్తల కాగితం కూడా ఇవ్వాలని అడగాలి. అడిగే ముందు, వచ్చే యాసంగి కోతలకు మిషన్లు దిగకముందే, ఎవరి గన్ పైపు వాళ్లం గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి, వెలుతురులో ఒకసారి చూసుకుందాం.