భుజం పట్టేస్తే ఇంకా విసరమనకండి

బేస్‌బాల్ అమెరికా వాళ్ల ఆట, మనకెందుకు అనే అన్నలు ఇంకా ఉన్నారు. స్కూల్ గేమ్స్ ఆటల్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఉన్నాయి. రాళ్లతో చింతకాయలు రాల్చి పెరిగిన బుక్కపట్నం పిల్లలకు విసరడం ఎవరూ నేర్పనక్కర్లేదు. విసిరాక ఏం చేయాలో మాత్రం నేర్పాలి.

సెలక్షన్లు దగ్గర పడ్డాక ఏ తమ్ముడైనా "భుజం పట్టేసిందన్నా" అంటే, "ఇంకో యాభై వెయ్, అదే వదులవుతుంది" అని జవాబు. హాస్టళ్లలో మేము ఎన్నోసార్లు విన్న మాట ఇది. ఈ మాటకు మేము పూర్తిగా వ్యతిరేకం.

బంతి వదిలాక చేతి వేగాన్ని ఆపేది భుజం వెనుక కండరాలు. రోజూ అదే పనితో అవి బిగుసుకుని, చేయి లోపలికి తిరగడం తగ్గుతుంది. రెండు చేతులనూ ఒక్కొక్కటిగా వీపు వెనక్కి పెట్టి, బొటనవేలు ఎంత పైకి పోతుందో చూస్తే తేడా తెలుస్తుంది. కొద్ది తేడాకు కంగారు వద్దు. చిన్నప్పటి నుంచి విసిరేవాళ్ల చేతి ఎముకే కాస్త మెలి తిరిగి పెరుగుతుంది, దాన్ని ఏ వ్యాయామమూ మార్చలేదు.

కండరాల బిగువుకు మాత్రం పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. రెక్క ఎముక గోడకు ఆనించి నిలబడి, విసిరే చేతి మోచేతిని రెండో చేత్తో ఛాతీ మీదుగా అడ్డంగా లాగి 30 సెకన్లు ఉంచాలి. రోజుకు ఐదుసార్లు. అమెరికాలో మెక్‌క్లూర్ బృందం నాలుగు వారాలు ఇలా చేయించి, చేయి తిరగడం మెరుగైందని 2007లో ప్రచురించింది. పక్కకు పడుకుని ముంజేతిని నేలకేసి నొక్కే 'స్లీపర్ స్ట్రెచ్' కూడా ఉంది గానీ, మన పిల్లలు హుషారులో బలంగా నొక్కేస్తారు. మా ఓటు మొదటిదానికే.

అయితే బిగువు వేరు, నొప్పి వేరు. 11 నుంచి 16 ఏళ్లలో భుజం దగ్గర ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. అతిగా విసిరితే ఆ పెరిగే చోటే దెబ్బతింటుంది. దానికి స్ట్రెచింగ్ మందు కాదు. డాక్టరుకు చూపించి, విసరడం పూర్తిగా మానాలి, సాధారణంగా మూడు నెలలు. అందుకే అమెరికా బేస్‌బాల్ వాళ్లు 2014లో 'పిచ్ స్మార్ట్' నియమాలు పెట్టారు. 13-16 ఏళ్ల వాళ్లు రోజుకు 95 పిచ్‌లు దాటకూడదు, ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. మన మెస్సులో గుడ్లకు లెక్క ఉంది, బంతులకు లేదు. ఒక నోటుబుక్కు చాలు, కెప్టెనే రాయగలడు.

పాత విద్యార్థులు ఏటా కప్పులు, షీల్డులు ఇస్తున్నారు, సంతోషమే. ఈసారి ఒక ఫిజియోథెరపిస్టును ఒక పూట పిలిపించండి, సెలక్షన్లకు ముందే.