కవర్డ్ కాల్: ప్రీమియం మనకు, పెరుగుదల పక్కవాడికి

‘డీమ్యాట్‌లో షేర్లు ఊరికే పడి ఉన్నాయా? అద్దెకివ్వండి, నెలనెలా రాబడి తీసుకోండి.’ యూట్యూబ్‌లో తెలుగు మార్కెట్ పాఠాలు వినేవారికి ఈ మాట కొత్తేమీ కాదు. కవర్డ్ కాల్ పద్ధతికి ప్రచారమంతా ఈ అద్దె లెక్కతోనే. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన అధ్యయనం దీనికి మరింత ఊపునిచ్చింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని అందులో తేలింది. ‘కొనేవాళ్లు పోగొట్టుకుంటున్నారంటే గెలిచేది అమ్మేవాళ్లే కదా, మీరూ అమ్మండి’ అన్నది పాఠాలు చెప్పేవారి తర్కం. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. లాభాలు మూటగట్టుకున్నది బ్రోకింగ్ సంస్థల సొంత ఖాతాలు, విదేశీ మదుపు సంస్థలు; అందులోనూ సింహభాగం అల్గారిథమ్‌లతో నడిచే ట్రేడింగుది. ఆ పేజీ దాకా ఎవరూ రారు.

మన దగ్గరున్న షేర్లను ఫలానా గడువు నాటికి ఫలానా ధరకు కొనుక్కునే హక్కును ఇంకొకరికి అమ్మి, ప్రీమియం పుచ్చుకోవడమే కవర్డ్ కాల్. దీనికి దగ్గరి పోలిక ఇంటద్దెలో లేదు, స్థలాల బేరాల్లో ఉంది. బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్న వ్యాపారి, రేటు పెరిగితే వచ్చి పాత ధరకే రిజిస్ట్రేషన్ చేయమంటాడు. పడితే బయానా వదులుకుని మళ్లీ ఆ ఛాయలకు రాడు. కాల్ అమ్మిన వాటాదారు ఆ స్థలం యజమాని.

అంకెల్లో చూద్దాం. షేరు వెయ్యి రూపాయలు, లాటుకు 600 షేర్లు, మొత్తం 6 లక్షలు అనుకుందాం. 1,050 స్ట్రైక్ (ముందే ఒప్పుకున్న ధర) కాల్‌ను 12 రూపాయలకు అమ్మితే 7,200 వస్తాయి. నెలకు 1.2 శాతం. దాన్ని పన్నెండుతో గుణించి, ఏడాదికి 14 శాతం పైమాటే అని మురిసిపోవడం ఇక్కడే మొదలవుతుంది. గడువు నాటికి షేరు 1,120కి చేరితే మాత్రం 1,050కే ఇచ్చేయాలి. ప్రీమియం కలుపుకున్నా చేతికొచ్చేది 1,062. షేరుకు 58 చొప్పున వదులుకున్నది 34,800. అంటే దాదాపు ఐదు నెలల ప్రీమియం ఒక్క నెలలో పోయినట్టు. అదే షేరు 900కు పడితే పోయేది 60 వేలు. ప్రీమియం పూడ్చేది 7,200.

ఇది కాగితం లెక్క అనుకునేవారు 2013లో ఇన్ఫోసిస్‌ను గుర్తు చేసుకోవాలి. జనవరి 11న త్రైమాసిక ఫలితాలు చూసి ఆ షేరు ఒక్కరోజులో దాదాపు 17 శాతం ఎగసింది. మూడు నెలలకే, ఏప్రిల్ 12న, మళ్లీ ఫలితాల దెబ్బకే 21 శాతానికి పైగా కూలింది. ఫలితాల ముందు ప్రీమియంలు బాగా పెరుగుతాయి, కాల్ అమ్మేవారికి నోరూరేదీ అప్పుడే. అయిదు శాతం ఎగువన కాల్ అమ్ముకున్న వాటాదారు జనవరి పరుగులో చాలా భాగం ఎవరికో రాసిచ్చేవాడు, ఏప్రిల్ పతనాన్ని మాత్రం తానొక్కడే మోసేవాడు. ఇక సత్యం కంప్యూటర్స్ సంగతి సరేసరి. 2009 జనవరి 7న ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సంస్థ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు ఆ షేరు 179 రూపాయల దగ్గర్నుంచి 40కి జారింది. దాని మీద ఎన్ని నెలలు కాల్స్ అమ్మితే ఆ గుంత పూడుతుంది?

షేరు పెట్టుకుని కాల్ అమ్మడం, డబ్బు పక్కన పెట్టుకుని అదే స్ట్రైక్‌లో పుట్ (ఆ ధరకు షేరును మనకు అమ్మే హక్కు) అమ్మడం లాభనష్టాల్లో దాదాపు ఒకటేనని ఆప్షన్ల గణితం చెబుతుంది. పుట్ అమ్మమంటే ఆమడ దూరం పారిపోయే రిటైర్డ్ ఉద్యోగి, కవర్డ్ కాల్ అనగానే ధీమాగా దిగుతున్నాడు.

ఈ సరుకు పుట్టింటి అనుభవమూ చూడదగ్గదే. షికాగోలో 1973 ఏప్రిల్ 26న 16 కంపెనీల కాల్ ఆప్షన్లతో లిస్టెడ్ ఆప్షన్ల వ్యాపారం మొదలైంది. అక్కడ కాంట్రాక్టంటే వంద షేర్లే. ఖాతాలో షేర్లుంటే వేరే మార్జిన్ అడగరు. కంపెనీ ఇచ్చిన షేర్ల మీద మన ఐటీ పిల్లలు అక్కడ కాల్స్ అమ్మగలిగేది అందుకే. ఇదే పని చేసిపెట్టే ఫండ్లూ ఉన్నాయి. నాస్‌డాక్ 100 మీద కాల్స్ అమ్ముతూ నెలనెలా డబ్బు పంచే క్యూవైఎల్‌డీ 2013 చివర్లో యూనిట్‌కు 25 డాలర్ల దగ్గర మొదలైంది. పన్నెండేళ్ల తర్వాత 2025లోనూ అది 20 డాలర్ల లోపే. ఆ మధ్యలో సూచీ ఆరు రెట్లు దాటింది. పంచిన సొమ్ము కలుపుకుంటే మదుపరికి నష్టం రాలేదు, నిజమే. కానీ సూచీని కదపకుండా ఉంచుకున్నవారితో పోలిస్తే చాలా వెనకబడ్డాడు.

మన దగ్గర దీనికి తోడు ఇంకొన్ని చిక్కులు. ఒక లాటుకు కనీసం ఐదారు లక్షల విలువైన ఒకే కంపెనీ షేర్లుండాలి. చిన్న మదుపరికి ఇదే పెద్ద గడప. షేర్లు డీమ్యాట్‌లో ఉన్నంత మాత్రాన సరిపోదు, విడిగా మార్జిన్ కట్టాలి. షేర్లను ప్లెడ్జ్ చేస్తే విలువలో కొంత కోసి మిగతాదే లెక్కిస్తారు. ఓవర్‌నైట్ పొజిషన్లకైతే సగం మార్జిన్ నగదు రూపంలో చూపాలి. విచిత్రమేమిటంటే షేరు పెరుగుతున్నకొద్దీ, అంటే మన ఆస్తి విలువ పెరుగుతున్నప్పుడే, బ్రోకరు నుంచి మార్జిన్ పిలుపు వస్తుంది. 2019 అక్టోబరు నుంచి షేర్ల ఆప్షన్లన్నిటికీ డెలివరీ తప్పనిసరి. గడువు నాడు స్ట్రైక్ దాటితే పదేళ్లు దాచుకున్న షేర్లు వెళ్లిపోతాయి, దాంతోపాటే ఇన్నాళ్లూ వాయిదా పడిన మూలధన లాభం పన్నూ మీద పడుతుంది. ప్రీమియం మాత్రం వ్యాపార ఆదాయం, శ్లాబు ప్రకారం పన్ను. జీతం, డివిడెండ్ చూపించి సులువుగా రిటర్ను వేసుకునే ఉద్యోగి ఐటీఆర్-3లోకి మారాలి. అద్దె పాఠంలో ఈ సంగతులు వినపడవు.

ఇదంతా చెప్పి పద్ధతినే కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. 1,050 వస్తే ఎలాగూ అమ్మేద్దామని ముందే తీర్మానించుకున్నవారికి ఆ 12 రూపాయలు అదనమే. రాకపోయినా ప్రీమియం మిగులుతుంది. ఇబ్బందల్లా పెన్షన్‌కు బదులుగా, ఉన్న షేర్లన్నిటి మీదా, నెలనెలా అమ్మమనడంతోనే. మ్యూచువల్ ఫండ్లకు 2019 జనవరిలో ఈ వెసులుబాటు ఇచ్చినప్పుడు సెబీ, పథకంలోని షేర్ల విలువలో 15 శాతానికి మించి కాల్స్ రాయకూడదని, నిఫ్టీ, సెన్సెక్స్ కంపెనీలకే పరిమితం కావాలని గిరి గీసింది. వృత్తి నిపుణులకే అంత హద్దు పెట్టిన చోట ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అమ్మే వ్యక్తికి ఏ హద్దూ సూచించే నాథుడు లేడు.

సెబీ చేయదగ్గవి రెండున్నాయి. సొంత షేర్లను కాల్‌కు కట్టిపడేసినవారి దగ్గర మళ్లీ నగదు మార్జిన్ అడగడం అర్థం లేనిది, దాన్ని తీసేయాలి. షేర్లు బ్లాక్ అయి ఉన్నాక డెలివరీకి పూచీ ఉన్నట్టే కదా. రెండోది బ్రోకర్ల యాప్‌ల విషయం. వచ్చిన ప్రీమియాన్ని పచ్చ రంగులో మెరిపిస్తున్నాయి. నెల ముగిశాక స్ట్రైక్‌కు, మార్కెట్ ధరకు మధ్య తేడా వల్ల మదుపరి వదులుకున్నదెంతో కూడా ఆ పక్క కాలమ్‌లోనే, అంతే పెద్ద అక్షరాల్లో చూపించాలని ఆదేశించాలి.