కోర్టు మెట్లెక్కే ముందు

ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్తే ఆ కుటుంబానికి కాళ్లూ చేతులూ ఆడవు. ‘రిమాండ్ అయింది’ అని ప్లీడరు గుమాస్తా చెప్పగానే శిక్ష పడిపోయిందనుకుని ఏడ్చేవాళ్లున్నారు. రిమాండ్ శిక్ష కాదు. దర్యాప్తు సాగుతుండగా మేజిస్ట్రేటు ఆదేశంపై నిర్బంధంలో ఉంచడం. మామూలు కేసుల్లో అరెస్టయిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి తీరాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం.

రిమాండ్ లాగే రిట్లు, స్టే, అప్పీలు, వకాల్తా వంటి కోర్టు మాటలన్నీ ఈ సంచికలో విడమరచి చెప్పాం. వాటిలో డిఫాల్ట్ బెయిల్ గురించిన పేజీని మాత్రం తప్పకుండా చదవమని కోరుతున్నాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్ ప్రకారం 60 రోజుల్లో, మరణదండన, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడగల నేరాలైతే 90 రోజుల్లో, ఛార్జిషీటు దాఖలు కాకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. కొన్ని ప్రత్యేక చట్టాల్లో ఈ గడువులు వేరు. అయితే ఆ బెయిల్ అడగాలి. గడువు దాటాక, ఛార్జిషీటు పడకముందే దరఖాస్తు పెట్టాలి. ఆలస్యం చేస్తే ఆ హక్కు చేజారుతుంది. పేదవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే న్యాయవాదిని ఇస్తుంది. న్యాయసేవల సంస్థ ఫోన్ నంబరు 15100. రాసిపెట్టుకోండి, పొరుగువారికీ చెప్పండి.