జేబీఎస్ గోడలు, దోహా మెరుపులు

2025 జూన్ 23, సోమవారం రాత్రి. ల్యాప్‌టాప్ మూసి పడుకుందాం అనుకుంటుంటే కరీంనగర్ నుంచి పెద్దమ్మ ఫోన్. "బిడ్డా, ఖతర్ల బాంబులు పడ్తున్నయట గద. అన్న ఫోన్ ఎత్తుతలేడు."

అన్న అంటే పెద్దమ్మ కొడుకు. ఆరేళ్ళుగా దోహాలో ఏసీ మెకానిక్. (మా దిక్కు ఖతర్ పోయినా, మస్కట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటరు. అది వేరే ముచ్చట.) పది రోజుల ముందు ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకోవడం మొదలైనప్పుడు పెద్దమ్మకు ధైర్యం చెప్పింది నేనే. "అక్కడ అమెరికావాళ్ళ పెద్ద బేస్ ఉంది పెద్దమ్మా, ఖతర్ జోలికి ఎవ్వడూ రాడు" అన్నాను.

మిసైళ్ళు వచ్చింది సరిగ్గా ఆ బేస్ మీదికే. ముందురోజు అమెరికా తన అణుకేంద్రాల మీద బాంబులు వేసిందని ఇరాన్ అల్ ఉదైద్‌ని కొట్టింది. విమానాలు ముందే తరలించారు. అక్కడ ఎవరూ చనిపోలేదు. గంటన్నర తర్వాత అన్న తీరిగ్గా ఫోన్ చేసి, క్యాంపు మిద్దెక్కి మెరుపులు వీడియో తీసుకుంటున్నా అన్నాడు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

ఆ వారం ఊరికి పోదామని జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కాను. కార్ఖానా, తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట... రోడ్డు పక్కన మిలిటరీ గోడలు. ఎన్నో ఏళ్ళుగా పాటలు వింటూ దాటిపోయిన గోడలే. ఆ రోజు మాత్రం చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఇది కూడా ఒకప్పుడు పరాయివాళ్ళ బేసే. అదీ "రక్షణ హామీ" పేరుతో వచ్చిందే.

1798 సెప్టెంబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆయనకు ఒక పక్క మరాఠాలు, ఇంకో పక్క టిప్పు. కంపెనీ సిపాయిలు వచ్చి కాపలా ఉంటారు, ఖర్చు నిజాంది: ఏడాదికి 24 లక్షల రూపాయల పైచిలుకు. ఫ్రెంచివాళ్ళు నడిపే సొంత పటాలాన్ని రద్దు చేసుకోవాలి. సైన్యం పెరిగింది, బిల్లూ పెరిగింది. 1800లో ఆ బిల్లు కింద టిప్పు నుంచి వచ్చిన జిల్లాలన్నీ కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్త మండలాలు, మన రాయలసీమ. 1806లో కంపెనీ దండు ఉన్న చోటుకు సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. 1853లో ఇంకో పటాలం బాకీ కింద బేరార్ పోయింది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలికి పోతే వచ్చేది ఆ బేరారే. బొల్లారంలో బస్సులోంచి కనిపించే రాష్ట్రపతి నిలయం అప్పట్లో బ్రిటిష్ రెసిడెంట్ బంగ్లా.

ఇంత కట్టి చివరికి దక్కిందేంటి? 1947 ఆగస్టులో బ్రిటిష్‌వాళ్ళు పెట్టె సర్దుకున్నారు, వాళ్ళతోపాటే హామీ కూడా పోయింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బయల్దేరితే, "నమ్మకమైన మిత్రుడు" అని బిరుదిచ్చిన లండన్ నుంచి ఒక్క సిపాయి రాలేదు. 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. నిజాం కోసం కన్నీళ్ళు పెట్టమనట్లేదు, మా తాతల తరం ఆయన పాలనలో పడ్డ బాధలు మాకు తెలుసు. హామీ ఎలా పనిచేస్తుందో చూడమంటున్నా.

ఆఫీసులో మేం క్లయింట్‌తో ఎస్‌ఎల్‌ఏ రాసుకుంటాం. అందులో ముందు చూడాల్సింది ఒక్కటే: "సర్వీస్ డౌన్ అయింది" అని తేల్చేది ఎవరు? ఆ మాట రాసింది సర్వీస్ ఇచ్చేవాడే అయితే, వాడి లెక్కలో ఎప్పుడూ డౌన్ కాదు.

అల్ ఉదైద్ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. ఆ బేస్‌ని ఖతర్ సొంత డబ్బుతో కట్టింది. 2003 నుంచి 800 కోట్ల డాలర్లకు పైగా పెట్టామని వాళ్ళే చెప్తారు. సుమారు పదివేల మంది అమెరికా సైనికులు ఉంటారు. అయినా 2025 సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ పట్టపగలు దోహాలోనే హమాస్ నాయకుల మీద దాడి చేసింది. ఖతర్ భద్రతా సిబ్బందిలో ఒకరు చనిపోయారు. బేస్ ఉన్నచోటే ఉంది. అంటే జూన్‌లో దెబ్బ వచ్చింది బేస్ ఉన్నందుకు, సెప్టెంబరులో దెబ్బ వచ్చింది బేస్ ఉన్నా!

ఆ నెలాఖరుకు, ఖతర్ మీద దాడి జరిగితే తమ భద్రతకే ముప్పుగా చూస్తామని ట్రంప్ ఒక ఆదేశం మీద సంతకం చేశాడు. వినడానికి బాగుంది. కానీ అది సెనేట్ ఆమోదించిన ఒప్పందం కాదు, తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయొచ్చు. సౌదీ అయితే దోహా దాడి జరిగిన వారానికే పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఒక్క కాపలాదారుణ్ణి నమ్ముకోవడం తగ్గుతుందని, ఇద్దరు ముగ్గురిని పెట్టుకునే రోజులు వస్తాయని నా అంచనా. దానికీ బిల్లు వస్తుంది. ఇలాంటి కాగితాల్లో దేశాల పేర్లుంటాయి, జగిత్యాల, సిరిసిల్ల నుంచి పోయి క్యాంపుల్లో ఉండేవాళ్ళ ప్రస్తావన ఉండదు.

దోహా దాడి రోజు రాత్రి పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఏం కాదు గద బిడ్డా?" ఈసారి బేస్ పేరెత్తలేదు. అన్నకు ఫోన్ కలిపి, పాస్‌పోర్ట్ నీ దగ్గరుందా, కంపెనీ దగ్గరుందా అని అడిగాను. "కంపెనీల ఉన్నది తమ్మీ" అన్నాడు. తెల్లారంగనే తెచ్చుకో అన్నా. మన ఎంబసీ నంబర్ వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పాస్‌పోర్ట్ మాత్రం ఇంకా చేతికి రాలేదు.