బస్సు చార్జీలు లేవని మందు మానకండి

"మా ఆయనకు పెద్దపేగులో కాన్సరు అని తేలి ఆపరేషను చేశారు. ఆరోగ్యశ్రీలో కనుక ఆపరేషనుకు మా చేతి డబ్బు పడలేదు. ఇప్పుడు మూడు వారాలకొకసారి హైదరాబాదు తీసుకెళ్లి మందు ఎక్కించుకు రావాలి. నాకు బస్సు ఉచితమే. ఆయన టికెట్టు, ఆటోలు, ఇద్దరి తిండి కలిపి ప్రతిసారీ పదిహేను వందలు దాటుతోంది. ఆయన హమాలీ, నాలుగు నెలలుగా పనిలేదు. నేను మిషను కుడతాను. 'ఆరు వారాలకొకసారి వెళ్తే మాత్రం ఏమవుతుంది, ఈసారికి మానేద్దాం' అంటున్నారు. నిజంగా ఏమన్నా అవుతుందా?" — మంచిర్యాల నుంచి ఒక సోదరి.

అవుతుందమ్మా. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత డబ్బు సంగతికి వస్తాను.

ఆపరేషనులో తీసేది కంటికి కనిపించే గడ్డను. కంటికి కనిపించని కాన్సరు కణాలు ఎక్కడన్నా మిగిలి ఉంటే వాటికోసం ఈ మందు. ఇది మంచి కణాలను కూడా కొంత దెబ్బతీస్తుంది, ముఖ్యంగా రక్తంలోని తెల్లకణాలను. అవి కోలుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కనుకే ఆ గడువు పెట్టారు. దాన్ని ఆరు వారాలు చేస్తే మంచి కణాలకు కొత్తగా ఒరిగేదేమీ లేదు, చెడ్డ కణాలకు మాత్రం పెరగడానికి తీరిక దొరుకుతుంది. రక్తపరీక్ష చూసి డాక్టరు ఒక వారం వాయిదా వేశాడంటే అది వైద్యంలో భాగం. చేతిలో డబ్బు లేక మనం వేసుకునే వాయిదా వైద్యం కాదు.

మా ఆస్పత్రుల్లో రోగి గడువుకు రాకపోతే కేసు షీటు మీద "రాలేదు" అని రాస్తారు. మళ్లీ వచ్చినప్పుడు నిర్లక్ష్యం అని చీవాట్లు కూడా పెడతారు. ముప్ఫై ఏళ్ల సర్కారు నౌకరీలో నేను చూసినంతలో ఆ నిర్లక్ష్యం వెనుక చాలాసార్లు ఉండేది దారి ఖర్చే. రోగి సిగ్గుపడి చెప్పడు, మేము అడగం. కాబట్టి మీరే నోరు తెరిచి చెప్పాలి. అదేమీ బిచ్చం కాదు.

మీరు బస్సు లెక్క రాశారు గాని రైలు మాట ఎత్తలేదు. మీ ఊరికి రైలుంది. వైద్యానికి వెళ్లే కాన్సరు రోగికి స్లీపరులో టికెట్టు ధరలో నూటికి నూరు శాతం రాయితీ ఉంది, మూడో తరగతి ఏసీలో కూడా అంతే. వెంట వెళ్లే ఒక మనిషికి ఆ రెండింటిలో 75 శాతం. రిజర్వేషను రుసుము లాంటివి మాత్రం కట్టాలి. తిరుగు ప్రయాణానికీ ఇది వర్తిస్తుంది. మీకు బస్సు ఉచితమే కావచ్చు గాని, మందు ఎక్కించుకుని వాంతులవుతున్న మనిషిని గంటల తరబడి బస్సులో కూర్చోబెట్టడం కంటే పడుకోబెట్టి తీసుకురావడం మేలు కదా!

ఇందుకు కావలసింది ఒక్క కాగితం. రైల్వేవారు నిర్ణయించిన నమూనాలో రోగి పేరు, జబ్బు, ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకు అన్నది రాసి, వైద్యం చేస్తున్న ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. దాన్ని స్టేషనులో రిజర్వేషను కౌంటరు దగ్గర చూపి టికెట్టు తీసుకోవాలి. తత్కాల్ టికెట్టుకు రాయితీ లేదు. అందుచేత ఈసారి మందు ఎక్కించుకుని బయటికి వచ్చేటప్పుడే వచ్చేసారి ప్రయాణానికి కాగితం అడిగి తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక గుర్తొస్తే, దానికోసమే మళ్లీ హైదరాబాదు వెళ్లాల్సి వస్తుంది.

2020 మార్చిలో వృద్ధులకు రైలు రాయితీ ఆపేశారు. అప్పటినుంచి రాయితీలన్నీ పోయాయని చాలామంది అనుకుంటున్నారు. రోగులవి పోలేదు. గుండె ఆపరేషనుకు వెళ్లేవారికి, డయాలిసిస్‌కు వెళ్లే కిడ్నీ రోగులకు, తలసీమియా, హీమోఫీలియా, క్షయ రోగులకు స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది.

ఇక తిరిగి వచ్చే డబ్బు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడే ప్యాకేజీ అంటే మందులు, పరీక్షలు, భోజనంతోపాటు రాకపోకల ఖర్చు కూడా అని రాసుకున్నారు. డిశ్చార్జి నాడు ఇంటికి చార్జీల సంగతి ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టకముందే అడగాలి సుమా. ఇవ్వం అంటే 104కు ఫోను చేసి చెప్పండి.

మీవారికి లేదు గాని, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసే పాఠకుల కోసం చెబుతున్నాను. జీతంలో ఈ.ఎస్.ఐ. కోత పడుతున్నవారు, డిస్పెన్సరీ డాక్టరు వేరే ఊరి ఆస్పత్రికి పంపిస్తే, ఆ ప్రయాణ ఖర్చు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. డాక్టరు రాసిచ్చిన రిఫరల్ కాగితమే దానికి ఆధారం. సొంతంగా వెళ్లి తర్వాత అడిగితే చిక్కు. మందులకు లొంగని మొండి క్షయకు వైద్యం పొందేవారికి కేంద్రానికి వెళ్లి వచ్చే బస్సు చార్జీలు ఇస్తారు. గిరిజన ప్రాంతాల క్షయ రోగులకు రవాణా కింద 750 రూపాయలున్నాయి. ఇది నెలనెలా పోషణకు ఇచ్చే వెయ్యి రూపాయలు కాక వేరే.

టికెట్లు పారేయకండి. ఇప్పటి బస్సు టికెట్ల మీద అక్షరాలు నెల తిరగకముందే వెలిసిపోతున్నాయి. ఇంటికి రాగానే జిరాక్సు తీయించి, ఆస్పత్రి చీటీలతో కలిపి ఒకే కవరులో పెట్టండి. ప్రయాణం తేదీ, ఆస్పత్రి చీటీ తేదీ కలవకపోతే గుమాస్తా పక్కన పెట్టేస్తాడు.

ప్రయాణాలే తగ్గించుకోవడం ఇంకో మార్గం. మందు ఎక్కించే ముందు రక్తపరీక్ష తప్పదు. తెల్లకణాలు తక్కువగా ఉంటే ఆ రోజు మందు ఎక్కించరు. హైదరాబాదు వరకు వెళ్లి ఆ మాట విని తిరిగి రావడమంత దండగ లేదు. వార్డులో ఒప్పుకుంటే, రెండు రోజుల ముందు మీ ఊరి ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా పరీక్ష చేయించి, రిపోర్టు ఫోనులో పంపి, రమ్మన్నాకే బయలుదేరండి. మిగతా విడతలు మీ జిల్లా ఆస్పత్రిలోనే ఎక్కించడానికి వీలుందా అని కూడా అడగండి. కొన్ని జిల్లాల్లో ఇప్పుడు ఆ ఏర్పాటు ఉంది. మొదటి విడతలు నిబ్బరంగా తట్టుకున్నవారికి డాక్టర్లు ఒప్పుకోవచ్చు.

ఖర్చు చూసుకోకూడని ప్రయాణం ఒకటుంది. మందు ఎక్కించుకుని వచ్చాక ఏ రోజైనా జ్వరం 100.4 డిగ్రీలు దాటిందా, తెల్లారేదాకా ఆగకండి. జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టకండి. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో చిన్న ఇన్ఫెక్షను కూడా గంటల్లో ముదురుతుంది. హైదరాబాదు దాకా పోనక్కరలేదు, దగ్గరున్న పెద్దాస్పత్రికి వెళ్లి "కాన్సరు మందు ఎక్కించుకున్నాడు, జ్వరం వచ్చింది" అని మొట్టమొదటే చెప్పండి. 108 బండికి పైసా ఇవ్వనక్కరలేదు.