ఒకే వేదికపై ఇద్దరభ్యర్థులు

ఎన్నికల దినములు వచ్చినప్పుడెల్ల మన పట్టణములందును పల్లెలయందును సభలకు కొదువ యుండదు. ఒక కక్షివారు నేడు తూర్పు వీధిలో సభ చేయుదురు. రెండవ కక్షివారు రేపు పడమటి వీధిలో సభ చేయుదురు. మొదటివారి యారోపణమునకు రెండవవారు చెప్పు సమాధానము మొదటివారి చెవిని పడదు. తూర్పు వీధిలో చేతులు తట్టినవారు పడమటి వీధికి పోరు. ఇట్టి సభలు నూరు జరిగినను ఎటును నిశ్చయించుకొనని ఓటరునకు తెలియవచ్చున దత్యల్పము. అభ్యర్థులిద్దరును ఒకే వేదికపై నిలిచి, ఒకరి మాట నొకరు వినుచు, జనుల యెదుట సమాధానములు చెప్పుకొనుట మన నియోజకవర్గములయందు ఆచారము కావలెనని మా దృఢాభిప్రాయము. ఇందులకు ప్రపంచచరిత్రలో ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. 1858 వ సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున సెనేటు స్థానమును గోరి అబ్రహాం లింకనును స్టీఫెన్ డగ్లసును ఏడు పట్టణములయందు జరిపిన వాదములే యవి. వాని గుణములను దోషములను గూడ మన పాఠకులు తెలిసికొనుట లాభకరము.

ఆనాటి వివాదవిషయము బానిసత్వము. కొత్తగా జనులు కాపురములేర్పరచుకొనుచున్న పశ్చిమప్రాంతములకు అది వ్యాపింపవచ్చునా కూడదా యనునదే ప్రశ్న. 1820 లో జరిగిన మిస్సోరీ రాజీ ప్రకారము ఒక అక్షాంశరేఖకు ఉత్తరమున నున్న భూములలో బానిసత్వము నిషేధింపబడినది. డగ్లసు తన పలుకుబడితో 1854 లో కాన్సాస్ నెబ్రాస్కా చట్టమును నెగ్గించి ఆ నిషేధమును రద్దుచేయించెను. ఆ యా ప్రాంతముల జనులే ఓట్లువేసి నిశ్చయించుకొందురుగాక యనునది ఆయన సిద్ధాంతము. 1857 లో అమెరికా సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, నీగ్రోజాతివారు పౌరులు కాజాలరనియు, ఆ ప్రాంతములలో బానిసత్వమును నిషేధించు అధికారము కాంగ్రెసునకు లేదనియు శాసించినది. డగ్లసు అప్పటికే సెనేటు సభ్యుడు, దేశమంతట పేరు మోగినవాడు. లింకను స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున న్యాయవాది. పది సంవత్సరములకు పూర్వము ప్రతినిధులసభలో ఒక్క పర్యాయము మాత్రము కూర్చుండినవాడు. బానిసత్వము అన్యాయమనియు, దానిని మరి వ్యాపింపనీయరాదనియు ఆయన వాదము.

మొదట ఈ ఇద్దరును మనవారివలెనే వేర్వేరుగ నుపన్యసించిరి. డగ్లసు మాట్లాడిన చోట మరునాడో, ఆ సాయంకాలమో లింకను మాట్లాడుచుండెను. పెద్దవాని సభకు వచ్చిన జనమును ఏరుకొనుచున్నాడని ఎదుటి కక్షి పత్రికలు పరిహసించినవి. అంతట లింకను జూలై 24 న లేఖ వ్రాసి, ఉభయులును ఒకే వేదికపై నిలువవలెనని యాహ్వానించెను. గెలుపు చేతిలో నున్నవాడు అట్టి యాహ్వానమును త్రోసిపుచ్చుటయే లోకరీతి. ఊరు పేరు తెలియనివానికి తన ప్రక్కన స్థానమిచ్చినచో వాని ప్రతిష్ఠ పెరుగుటయే గాని తనకు లాభమేమి? అయినను డగ్లసు అంగీకరించెను. ఈ విషయమున ఆయనకు దక్కవలసిన కీర్తిని మేము తగ్గింపనొల్లము.

వాదనియమములు గమనింపదగినవి. మొదటివాడు ఒక గంట మాట్లాడవలెను, రెండవవాడు గంటన్నర, మరల మొదటివాడు అరగంట. వెరసి మూడు గంటలు. ఆగష్టు 21 మొదలు అక్టోబరు 15 వరకు ఒట్టవా, ఫ్రీపోర్టు, జోన్స్‌బరో, చార్లెస్టను, గేల్స్‌బర్గు, క్విన్సీ, ఆల్టను పట్టణములలో ఏడు సభలు జరిగినవి. ధ్వనివర్ధక యంత్రములు లేని కాలమున, ఆరుబయట, కొన్నిచోట్ల పదివేలకు మించిన జనము మూడేసి గంటలు నిలిచి వినిరి. నేటి టెలివిజనులో నలుగురైదుగురు ఒక్కసారిగ నరచుచుండ, ఎవ్వరి వాక్యమును పూర్తికాకుండ ప్రకటన వచ్చుట చూచుచున్న మనకు గంటన్నర యవిచ్ఛిన్నముగ సాగిన సమాధానము ఆశ్చర్యకరముగ తోచును. కాని విషయము గొప్పదైనప్పుడు కాలమును గొప్పదిగనే యుండవలెను.

ఎదుటెదుట నిలుచుటవలన గలిగిన మొదటి ప్రయోజనము మొదటి వారములోనే కానవచ్చినది. ఒట్టవాలో డగ్లసు కొన్ని తీర్మానములను చదివి, ఇవి 1854 లో స్ప్రింగ్‌ఫీల్డున లింకను పక్షమువారు చేసినవని చెప్పి, వానినిబట్టి ఏడు ప్రశ్నలు వేసెను. అవి స్ప్రింగ్‌ఫీల్డు తీర్మానములు కావు. వేరొక జిల్లాలో వేరొక సభవారు చేసినవి. షికాగో పత్రిక యొకటి ఈ సంగతిని వెంటనే బయటపెట్టినది. ఆరు దినములలో ఫ్రీపోర్టు వేదికపై లింకను ఆ ఏడు ప్రశ్నలకును సమాధానములు చెప్పి, పిమ్మట ఆ తీర్మానముల పుట్టుపూర్వోత్తరములను డగ్లసు కూర్చుండి వినుచుండగనే సభవారికి తెలియజేసెను. వేర్వేరు సభలయందైనచో ఆ యసత్యము ఎన్నికల దినమువరకు ఊరూర తిరుగుచుండెడిదే గదా!

రెండవ ప్రయోజనము ఇంతకంటె గొప్పది. ఫ్రీపోర్టుననే లింకను ఒక ప్రశ్న వేసెను. రాష్ట్రముగా నేర్పడకపూర్వము ఒక ప్రాంతపు జనులు తమ సరిహద్దులలోనుండి బానిసత్వమును ధర్మశాస్త్రబద్ధముగ తొలగించుకొనగలరా? ఇది డగ్లసునకు ఉభయతఃపాశమైన రజ్జువైనది. తొలగించుకొనలేరన్నచో తన జనాధికార సిద్ధాంతము కూలును; ఇల్లినాయిలో ఓట్లు పోవును. తొలగించుకొనగలరన్నచో తాను శిరసావహించిన సుప్రీంకోర్టు తీర్పు వ్యర్థమగును, దక్షిణరాష్ట్రములవారు కోపింతురు. స్థానిక రక్షణచట్టములు లేనిచో బానిసత్వ మొక దినమైనను నిలువదు గనుక, జనులు అట్టి చట్టములు చేయకయే దానిని తొలగించుకొనవచ్చునని ఆయన సమాధానము చెప్పెను. ఈ మాట ఆయన అంతకుముందును పలుమారు చెప్పినదే. కాన్సాస్ రాజ్యాంగ విషయమున స్వపక్షపు ప్రెసిడెంటు బుకానను నెదిరించుటచే దక్షిణమువారికి ఆయనపై అప్పటికే అనుమానము కలదు. కాని వేదికపై, ప్రత్యర్థి నిలదీసి యడుగగా, పత్రికలవారు అక్షరమక్షరము వ్రాసికొనుచుండగా చెప్పిన మాటను ఇక కప్పిపుచ్చుటకు వీలులేకపోయెను.

మన గౌతముని న్యాయశాస్త్రము కథను మూడు విధములుగ విభజించినది. తత్త్వమును నిర్ణయించుటకై ప్రమాణములతోను తర్కముతోను జరుగునది వాదము. గెలుపే లక్ష్యముగ ఛలమునకైనను వెనుదీయనిది జల్పము. స్వపక్షమేమియు స్థాపింపక ఎదుటి పక్షమును ఖండించుటతోనే తృప్తిపడునది వితండ. ఇల్లినాయి సభలను ఆమూలాగ్రముగ వాదమని మేము చెప్పము. డగ్లసు పలుమారు జాతిద్వేషమును రెచ్చగొట్టెను. నీగ్రోలకు ఓటుహక్కిత్తువా, వారితో వియ్యమందుదువా యని సభవారి ముందు లింకనును ఎత్తిపొడిచెను. లింకనును దానికి లొంగిపోయెను. సెప్టెంబరు 18 న చార్లెస్టనులో, నీగ్రోలకు ఓటుగాని, జ్యూరీలో స్థానముగాని, ఉద్యోగముగాని ఇచ్చుట తనకు సమ్మతము కాదనియు, రెండు జాతులకును సాంఘిక సమానత్వమును తాను కోరననియు ప్రకటించెను. ఆ మాటలు నేడును ఆయన కీర్తికి కళంకములే. ఓట్లకై నోరు జారుటకు మహాపురుషుడును మినహాయింపు కాడు.

అయితే ఆ కళంకమును కప్పిపెట్టనీయనిదియు ఆ వేదికయే యని మరువరాదు. ఉత్తరమున సమానత్వమును, దక్షిణమున అసమానత్వమును బోధించుచున్నాడని డగ్లసు గేల్స్‌బర్గు సభలో ఆయన రెండుచోట్ల పలికిన పలుకులను ప్రక్కప్రక్కన నుంచి చూపెను. ఊరికొక మాట చెప్పుటకు వీలులేకుండ చేయుట బహిరంగవాదమునకు సహజగుణము. చివరి సభ యగు ఆల్టనులో లింకను తన ఉత్కృష్టస్థానమునకు తిరిగివచ్చెను. ఒకడు కష్టించి రొట్టె సంపాదించుట, వేరొకడు దానిని తినుట — ఇది రాజులు చెప్పినను, ఒక జాతివారు చెప్పినను ఒకే దౌష్ట్యమని ఆయన వాదించెను. బానిసత్వమునకు ఓట్లు పడినను పడకున్నను తనకు సమానమే యను డగ్లసు తాటస్థ్యమును ఆయన ఖండించిన తీరు నేటికిని చదువదగినది.

ఆ వాదములు నేటికి నిలిచియుండుట పత్రికల చలువ. రెండు కక్షల షికాగో పత్రికలును లఘులేఖకులను పంపినవి. ప్రతి పత్రికయు తనవాని వాక్యములను సరిదిద్ది, ఎదుటివాని వాక్యములను చీలికలు పేలికలుగ నచ్చువేసినదను నింద యుండెను. పిమ్మట లింకను ఈ ప్రసంగములను సేకరించి పుస్తకముగ నచ్చువేయించునప్పుడు, తన మాటలను తన కక్షి పత్రికనుండియు డగ్లసు మాటలను డగ్లసు కక్షి పత్రికనుండియు గ్రహించెను. ప్రత్యర్థి మాటను ప్రత్యర్థి యొప్పుకొను రూపముననే జనులకు చూపుట గొప్ప మర్యాద. మా పత్రికాలోకము ఈ మర్యాదను నేర్చుకొనినచో ఎంత మేలు!

ఇక ఫలితము. ఆనాడు సెనేటు సభ్యులను జనులు నేరుగా నెన్నుకొనుట లేదు. నేడు మన రాజ్యసభ సభ్యులను రాష్ట్ర శాసనసభ్యులు ఎన్నుకొనునట్లే, అక్కడ రాష్ట్ర శాసనసభయే ఎన్నుకొనుచుండెను. 1913 లో రాజ్యాంగ సవరణము వచ్చువరకు ఆ పద్ధతియే సాగినది. నవంబరు 2 న జరిగిన ఎన్నికలలో లింకను పక్షమువారికి రాష్ట్రమంతటను కొంచెము హెచ్చుగనే ఓట్లు వచ్చినవి. కాని స్థానముల విభజన వారికి ప్రతికూలముగ నుండుటచే, 1859 జనవరిలో శాసనసభ 54 ఓట్లతో డగ్లసును ఎన్నుకొన్నది. లింకనునకు వచ్చినవి 46. ఓడినవాడు రెండేండ్లలో, 1860 లో, దేశాధ్యక్షుడయ్యెను. గెలిచినవాని పక్షము అదే సంవత్సరము ఉత్తర దక్షిణములుగ చీలిపోయినది. ఆ చీలికకు ఫ్రీపోర్టు సమాధానమే కారణమనుట అతిశయోక్తి. అది ఒక కారణమనుట సత్యము.

ఈ చరిత్రలో ఒక పెద్ద లోపము కలదు. 1860 జనాభా లెక్కల ప్రకారము ఆ దేశమున 39 లక్షల 50 వేలకు పైగా బానిసలుండిరి. ఏడు సభలలో ఇరువదియొక్క గంటలు వారిని గురించియే చర్చ జరిగినది. వారిలో ఒక్కడును ఆ వేదిక నెక్కలేదు. ఇల్లినాయిలో స్వతంత్రుడైన నీగ్రోకు సైతము ఓటు లేదు, స్త్రీలకును లేదు. బయటి నీగ్రోలు ఆ రాష్ట్రమున కాపురముండరాదని 1853 లో చట్టమే చేసిరి. ఎవరి బ్రదుకును గురించి వాదము జరుగుచున్నదో వారు ప్రశ్న వేయలేని సభలో వాదము సగమే వాదము.

మన యోటర్ల సంగతి యట్లు కాదు. మన రాజ్యాంగము ఆరంభమునుండియు స్త్రీపురుష భేదము లేక, ఆస్తి చదువుల నిర్బంధము లేక, వయోజనులందరికిని ఓటు నిచ్చినది. కావున ఇల్లినాయికంటె మంచి సభను ఏర్పరచుట మనకు సాధ్యము. ఆ పని చేయదగినవారు ఊరూర పలుకుబడిగల భూస్వాములును, పట్టణములలోని న్యాయవాదులును, వర్తకులును, ఉపాధ్యాయులునే. వేదికను కట్టించుడు, కాలనియమము పెట్టుడు, మాటలను వ్రాయించి యచ్చువేయించుడు. అన్నిటికంటె ముఖ్యముగ, మొదటి ప్రశ్నలు వేయు హక్కును మీ పొలములో నాటువేయు కూలీకిని, కౌలుదారునకును, మగ్గము నేయువానికిని, వారి స్త్రీలకును విడిచిపెట్టుడు. ముందువరుస కుర్చీలలో మనమే కూర్చుండి, మన ప్రశ్నలనే యడిగి, మనకు నచ్చిన సమాధానమునకు చేతులు తట్టుకొన్నచో ఇల్లినాయి దోషమునే మరల చేసినవారమగుదుము.

ఆక్షేపణ యొకటి వచ్చునని యెరుగుదుము. 1985 లో ఫిరాయింపుల నిషేధచట్టము వచ్చినది మొదలు సభ్యుడు పార్టీ యాజ్ఞను మీరి ఓటు వేసినచో స్థానమును కోల్పోవచ్చును. అట్టి స్థితిలో అభ్యర్థి వ్యక్తిగతాభిప్రాయముతో పనియేమి యని కొంద రడుగుదురు. చట్టము సభలో వేయు ఓటును కట్టివేసినది గాని, పార్టీలోపల మాట్లాడవలసిన నోటిని కట్టివేయలేదు. కాలువ చివరిభూములకు నీరు రానప్పుడు, ఆసుపత్రిలో వైద్యుడు లేనప్పుడు ఆ నోరు తెరచునా తెరవదా యని ముందుగ తెలిసికొనుట ఓటరు ధర్మము. మాటకారి గెలిచి పనివాడు ఓడునని మరికొందరందురు. వాక్చాతుర్య మొక గంట మోసగింపగలదు. ప్రత్యర్థి గంటన్నర ప్రశ్నించిన పిమ్మట దాని రంగు నిలువదు.

రానున్న ఎన్నికలలో ఏ అభ్యర్థి మీ గుమ్మమునకు వచ్చినను అతని నొక్కటే యడుగుడు: నీ ప్రత్యర్థి ప్రక్కన నిలిచి మా ప్రశ్నలకు సమాధానము చెప్పుదువా? అంగీకరించినవాడు ఓడినను డగ్లసునకు దక్కిన గౌరవమునకు పాత్రుడు. తప్పించుకొన్నవాడు రేపు శాసనసభలో మీ తరపున ఎవరి యెదుట నిలువగలడో మీరే యాలోచించుకొనుడు.